మూడు రెక్కల తెర

పోయిన సమ్మర్ హాలిడేస్‌లో నాకొక చిన్న పని దొరికింది. మా సీనియర్ అక్క ఒకామె పాత ఫర్నిచర్ అమ్మేవాళ్ళకి వెబ్‌సైట్ చేస్తోంది. "ఫోటోలు పంపిస్తా, ఒక్కోదానికి నాలుగు లైన్ల డిస్క్రిప్షన్ రాసి ట్యాగులు పెట్టాలి, చేస్తావా?" అని అడిగింది. కోడింగ్ పని కాదు. కానీ రెజ్యూమెలో ఒక లైన్ వస్తుంది, ఫోన్ రీచార్జికి అమ్మని అడగక్కర్లేదు. సరే అన్నాను.

మొదటి వారమంతా పడక్కుర్చీలు, భోషాణాలు, ఇత్తడి గంగాళాలు. రెండో వారం "రూమ్ డివైడర్స్" అని ఒక ఫోల్డర్ వచ్చింది. గదిని రెండుగా చెయ్యడానికి అడ్డం పెట్టుకునే మడత తెరలు. సహారన్‌పూర్ నుంచి వచ్చిన చెక్క జాలీ తెరలు, కాశ్మీరు వాల్‌నట్ చెక్క మీద చినార్ ఆకులు చెక్కినవి, రంగుల బట్ట బిగించినవి. గోడ కట్టకుండా, మేస్త్రీని పిలవకుండా, హాల్లోనే ఒక మూల పూజకో, చదువుకో, నిద్రకో విడిగా చేసుకోవచ్చు. వద్దనుకుంటే మడిచి గోడకి ఆనించెయ్యొచ్చు. ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. అద్దె ఫ్లాట్లలో ఉండేవాళ్ళు వీటిని ఎందుకు కొంటారో అర్థమైంది.

పని చేస్తుంటే కొన్ని సంగతులు కూడా తెలిశాయి. పాత తెర కొనేటప్పుడు ముందు చూడాల్సింది చెక్కడాలు కాదు, బందులు. అవి వదులైతే తెర ఒక పక్కకి ఒరుగుతుంది. తర్వాత కింద కాళ్ళు. నేల మీద తుడుపు గుడ్డ తడి ఎప్పుడూ తగిలేది అక్కడే, చెక్క ముందు పుచ్చేది అక్కడే. సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టు. ఇవన్నీ చాలా తెలివిగా రాసుకుంటూ పోతున్నాను.

అప్పుడొచ్చింది ఆ ఫోటో. ఇనప గొట్టాల ఫ్రేము, మూడు రెక్కలు, కింద చిన్న చక్రాలు. తెల్ల గోడ ముందు పెట్టి, పక్కన ఒక మొక్క పెట్టి, మంచి లైటింగ్‌లో తీశారు. పేరు "వింటేజ్ హాస్పిటల్ స్క్రీన్". ధర మా నాన్న నెల జీతం కంటే ఎక్కువ.

అలాంటిది మా ఇంట్లో ఉండేది. దాని గురించి నేను నాలుగు లైన్లు రాయలేకపోయాను. అందుకే ఇప్పుడు ఇన్ని లైన్లు రాస్తున్నాను.

* * *

మాది చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ఊరు. నల్లటి రాయిలో బంగారు చుక్కలుంటాయి కదా, మీ ఇంట్లో వంటగది గట్టు మీదో, ఏ ఎయిర్‌పోర్టు నేల మీదో చూసే ఉంటారు. అది మా ఊరి చుట్టుపక్కల క్వారీల్లోదే. మా నాన్న ఒక ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర పనిచేస్తాడు.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గది, వెనక వంటగది. ముందు గది తలుపు తీస్తే నేరుగా బజారే. ఆ ఒక్క గదిలోనే మంచం, టీవీ, బీరువా, నా పుస్తకాల బల్ల.

నేను టెన్త్ పరీక్షలు రాసిన ఏడాది మా నాయనమ్మకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా వచ్చేది కానీ మాకు అర్థమయ్యేది. చెవులు మాత్రం చాలా బాగా వినపడేవి. మిరపకాయల కోతలకి, పత్తి తీతలకి ఎండల్లో పోయి మా నాన్నని పెంచిన మనిషి. ఎవరి చేతా ఒక్క మాట పడేది కాదు. అలాంటామెకి మంచం మీదే అన్నీ చెయ్యాల్సి వచ్చింది. అమ్మ రోజుకి మూడు నాలుగు సార్లు ఒళ్ళు తుడిచి బట్టలు మార్చేది. నేను పట్టుకునేదాన్ని.

మొదట్లో కిటికీ ఊచకీ, ఎదురుగోడ మేకుకీ తాడు కట్టి చీర వేశాం. ఫ్యాన్ వేస్తే చీర లేచిపోయేది. ఫ్యాన్ ఆపితే ఉక్క. ఒకరోజు అమ్మ బట్టలు మారుస్తుండగా నాన్న డ్యూటీ దిగి లోపలికొచ్చాడు. చీర పక్కకి పోయి ఉంది. నాయనమ్మ కుడిచేత్తో మొహం కప్పుకుంది, ఒంటిని కాదు. సొంత కొడుకే. అయినా ఆ రోజు అన్నం తిన్లేదు.

ఆ మరుసటి ఆదివారం నాన్న ఒంగోలులో పాత సామాను కొట్టు నుంచి ఆ స్క్రీన్‌ని ఆటోలో వేసుకొచ్చాడు. ఏదో ఆస్పత్రి సామాను మార్చినప్పుడు వచ్చిందంట. ఆకుపచ్చ బట్ట మీద మరకలు, చక్రాల్లో రెండు తుప్పు పట్టి తిరగవు. నాన్న గరుకు కాగితంతో తుప్పు గీకి, సిల్వర్ పెయింట్ వేసి, బందుల్లో కొబ్బరినూనె పోశాడు. అమ్మ ఆ ఆకుపచ్చ బట్ట పీకి పారేసి, నాయనమ్మవే రెండు పాత నేత చీరలు చించి, కుచ్చులు పెట్టి కుట్టింది. మిరపపండు రంగు, నల్ల అంచు.

నాయనమ్మ దాన్ని "నా తడిక" అనేది. ఆమె కాపరానికి వచ్చినప్పటి ఇంట్లో గదికీ గదికీ మధ్య వెదురు తడికలేనంట. "అప్పుడు తడిక, ఇప్పుడూ తడికే. మజ్జలో గోడలు మీరు కట్టారు, మీరే పడగొట్టుకున్నారు" అని నవ్వేది.

నాన్న దాన్ని మొదటిసారి నిలబెట్టినప్పుడు మూడు రెక్కల్నీ తిన్నగా చాపాను నేను. పడబోయింది. నాన్న పట్టుకుని చెప్పాడు. "ఫ్యాక్టరీలో పలకని ఊరికే నిలువుగా పెడితే పడుద్దా పడదా? స్టాండుకి వాలుగా ఆనిస్తాం. దీనికి స్టాండు లేదు. మడతే దీనికి ఆనుడు. కొంచెం వంచి పెట్టు."

తర్వాత ఫిజిక్స్ పుస్తకంలో అదే కనిపించింది. తిన్నగా చాపితే తెర నేల మీద ఆక్రమించేది ఒక సన్నటి గీత. కొంచెం కదిలినా బరువు ఆ గీత దాటి బయట పడుతుంది. మడత పెడితే కాళ్ళ మధ్య కొంత చోటు వస్తుంది, బరువు ఆ చోటులోనే పడుతుంది, తెర నిలబడుతుంది. గోడకేమో పునాది కావాలి, తెరకి వంగడం చాలు.

అమ్మ ఒక రూలు పెట్టింది. తెర జరిపే ముందు పిలవాలి. "అత్తయ్యా, వస్తున్నా" అని అమ్మ, "అమ్మా" అని నాన్న, "నాయనమ్మా" అని నేను. ఆమె "ఊఁ" అంటేనే జరపాలి. ఇంట్లో ముగ్గురమూ రెండేళ్ళు ఆ రూలు తప్పలేదు.

* * *

ఇంటర్ ఒంగోలులో చేరాను. రోజూ బస్సు. కాలేజీలో అందరూ ఇళ్ళ గురించి చెప్పుకుంటుంటే నేను కూడా "నాకు సెపరేట్ రూమ్ ఉంది" అన్నాను ఒకసారి. ఒకసారి అన్నాక ఆ అబద్ధాన్ని మోస్తూ ఉండాలి కదా.

ఫస్టియర్ ప్రాక్టికల్స్‌కి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం నా ఫ్రెండ్ ఒకమ్మాయి చెప్పకుండా వచ్చేసింది. వాళ్ళ నాన్నగారు క్వారీ పని మీద చీమకుర్తి వస్తుంటే కారెక్కి వచ్చింది, రికార్డు బుక్ కోసం. అమ్మ ఏదో చావుపలకరింపుకి వెళ్ళింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో నేనూ, తెర వెనక నాయనమ్మా.

ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టాను. ఫినాయిల్ వాసన. దాని కింద ఇంకో వాసన. తను మొహంలో ఏమీ కనపడనివ్వలేదు, మంచి పిల్ల. ఇంతలో తెర వెనక నుంచి చిన్న దగ్గు.

"అటువైపు ఎవరన్నా ఉన్నారా?" అంది.

"ఎవరూ లేరే. పాత సామాను పెట్టాం" అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. దగ్గు గురించి తనేం అడగలేదు. పక్కింటి చప్పుడనుకుందో, అర్థమై ఊరుకుందో. మామూలుగా ఇంటికి ఎవరొచ్చినా "ఎవురే అమ్మాయ్?" అని నాయనమ్మ అడిగి తీరుతుంది. ఆ రోజు అడగలేదు. మళ్ళీ దగ్గలేదు. మంచం కిర్రుమనలేదు. అరగంట సేపు ఆ తెర వెనక నిజంగానే ఎవరూ లేనట్టుంది.

ఆ అమ్మాయి వెళ్ళాక కూడా నేను తెర జరపలేదు. భయం. బల్ల దగ్గర కూర్చుని రికార్డు రాస్తున్నట్టు నటించాను. అమ్మ వచ్చి "అత్తయ్యా, వస్తున్నా" అంది. "ఊఁ" అని వినపడింది. పక్కంతా తడిసిపోయి ఉంది.

"పిల్లని పిలవకపోయారా?" అంది అమ్మ.

"నిద్ర పట్టిందే. తెలవలా" అంది నాయనమ్మ.

తెర ఇవతల నేను విన్నాను. ఆమెకి నిద్ర పట్టలేదని ఆమెకీ నాకూ మాత్రమే తెలుసు.

మూడు రోజుల తర్వాత నేను అన్నం తినిపిస్తుంటే నాయనమ్మే ఎత్తింది ఆ సంగతి. కోపంగా కాదు, పరీక్షలెప్పుడు అని అడిగినట్టు మామూలుగా. "ఆ పిల్ల మళ్ళీ వచ్చుద్దా? వచ్చేప్పుడు ముందు చెప్పమ్మాయ్. నేను కదలకుండా పడుకుంటాలే."

ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. సారీ అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. ఇంగ్లీషు మీడియంలో పదేళ్ళు రోజుకి పది సార్లు అన్న మాటే, ఆమెకి తెలుగులో ఎలా చెప్పాలో తెలీలేదు. చెప్పలేదు. నేను సెకండియర్‌లో ఉండగా నాయనమ్మ పోయింది.

* * *

హాస్పిటల్ స్క్రీన్ ఫోటో పక్కన పెట్టేసి మిగతావి రాసుకుంటూ పోయాను. అదే ఫోల్డర్ చివర్లో ఒక నల్లటి తెర ఉంది. మీద బంగారు రంగులో కొంగలు, చెట్లు, మేడలు. పేరు "కోరమాండల్ స్టైల్ స్క్రీన్".

కోరమాండల్ అంటే నాకు తెలిసినవి రెండే. ఒంగోలు మీదుగా మద్రాసు పోయే రైలు, మా పెదనాన్న పొలంలో ఎరువు బస్తా మీద పేరు. మన తూర్పు తీరానికి యూరప్ వాళ్ళు పెట్టుకున్న పేరది. చోళమండలం అనే మాట నోరు తిరగక అలా అయిందంటారు. మన తీరం పేరు చైనా బొమ్మలున్న తెరకెందుకొచ్చింది? డిస్క్రిప్షన్ కోసమే అనుకుని చదవడం మొదలుపెట్టి రాత్రి రెండింటి దాకా చదివాను.

ఆ తెరలు చైనాలోనే తయారయ్యాయి. ఎక్కువ భాగం 17వ శతాబ్దం రెండో సగం నుంచి, కాంగ్సీ చక్రవర్తి కాలంలో. మామూలుగా 12 రెక్కలు, మనిషి కంటే చాలా ఎత్తు. చెక్క పలకల మీద మెత్తటి మట్టిలాంటి పూత దట్టంగా వేసి, ఆరాక దాని మీద లక్క పూస్తారు. ఇక్కడ లక్క అంటే మనకి తెలిసిన లక్క కాదు, అక్కడి ఒక చెట్టు నుంచి కారే పాలు. పొర మీద పొర వేస్తారు, ఒక్కో పొర ఆరేదాకా ఆగుతారు. నల్లగా నిగనిగలాడే దాకా వచ్చాక పైపొరని ఉలితో తొలిచి, ఆ గుంటల్లో రంగులు, బంగారం నింపుతారు. చైనాలో ఈ పనిని క్వాన్‌త్సాయ్ అంటారు, తొలిచి నింపిన రంగులని అర్థం. పెద్దవాళ్ళ పుట్టినరోజులకి, ఉద్యోగాల్లో ఉన్న పెద్దమనుషులకి గౌరవంగా ఇచ్చే కానుకలివి.

వీటిని ఈస్టిండియా కంపెనీల ఓడలు యూరప్‌కి మోశాయి. దారిలో సరుకు మారే రేవులు మన తీరంలో ఉండేవి. ఇంగ్లీషు వాళ్ళు మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టింది 1611లో. డచ్చివాళ్ళు అంతకు ముందే మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో దిగారు. మొదట్లో ఇంగ్లండులో ఈ లక్కపనిని జావాలోని ఒక రేవు పేరుతో బాంటమ్ పని అనేవాళ్ళు. తర్వాత తర్వాత కోరమాండల్ అనే పేరు స్థిరపడింది. చేసిన ఊరి పేరు పోయింది, సరుకు దాటిన ఊళ్ళ పేరు నిలిచింది.

ఇది చదువుతుంటే మా ఊరి లారీలు గుర్తొచ్చాయి. మా క్వారీల్లో తీసిన రాతి దిమ్మెలు కృష్ణపట్నం, చెన్నై పోర్టులకి పోతాయి. అక్కణ్ణుంచి చైనాకే చాలా. నల్లటి నునుపు మీద బంగారు చుక్కలు. అక్కడ కోసి, పాలిష్ పట్టి, ప్రపంచమంతా అమ్ముతారు. దాని పేరు బ్లాక్ గెలాక్సీ. చీమకుర్తి అనే మాట ఆ పేరులో లేదు. 300 ఏళ్ళ కింద వాళ్ళ తెర మన పేరుతో పోయింది, ఇప్పుడు మన రాయి మన ఊరి పేరు లేకుండా పోతోంది. లెక్క సరిపోయిందనుకోవాలేమో.

యూరప్ చేరాక ఆ తెరల్ని చాలామంది తెరలుగా ఉంచలేదు. రెక్కలు కోసి గోడలకి తాపడం చేశారు, బీరువాలకి తలుపులు చేశారు. ఎక్కడ కోస్తున్నారో చూసుకోకపోతే ఒక మేడలో సగం ఒక తలుపు మీద, మిగతా సగం ఇంకో తలుపు మీద. మొన్న మొన్నటి మనిషి, ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్‌కి కోరమాండల్ తెరలంటే పిచ్చి. పారిస్‌లో 31 నంబరు ర్యూ కాంబోన్‌లోని ఆమె అపార్ట్‌మెంటులో గోడల పొడుగునా అవే. ఆ కంపెనీ 2007లో కోరమాండల్ పేరుతో ఒక సెంటు కూడా తెచ్చింది.

ఇంకొంచెం వెనక్కి పోతే జపాన్ వాళ్ళ బ్యోబు. గాలికి అడ్డం అని ఆ మాటకి అర్థం. చైనా నుంచి వచ్చిన మాటే. మొదట్లో రెక్కల్ని తోలు పట్టీలతో, పట్టు తాళ్ళతో కట్టేవాళ్ళు. ఒక్కో రెక్కకీ విడిగా అంచు, విడిగా బొమ్మ. తర్వాత జపాన్ వాళ్ళు బందుల్ని కాగితంతో చెయ్యడం కనిపెట్టారు. దాంతో రెక్కలు రెండు వైపులా మడవడానికి వీలైంది, మధ్యలో సందు పోయింది, ఆరు రెక్కల మీదా కలిపి ఒకటే నది, ఒకటే కొండ గీయడం కుదిరింది.

అంత దూరం చదివి, మన దగ్గర ఏమున్నాయి అని చూశాను. మన తీరంలో చేసిన అడ్డుతెర చెక్కది కాదు, బట్టది. గుడారాల చుట్టూ, రాజుల విడిదుల్లో నిలబెట్టే కనాతులు. కలంకారీ చేసిన నూలు బట్ట. 17వ శతాబ్దం మొదట్లో కోరమాండల్ తీరంలో రంగులద్దిన అలాంటి పెద్ద తెర ఒకటి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. ఏడు భాగాలు. ఒక్కో భాగంలో వేరువేరు దేశాల మనుషులు, యూరప్ వాళ్ళు కూడా, మన అద్దకంవాళ్ళ కళ్ళకి ఎలా కనపడ్డారో అలా.

ఇవి కాక రోజూ చూసేవి. పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముందు కనపడదు, తెర మీదుగా జడ వేస్తుంది. తోలుబొమ్మలాటలో బొమ్మ కనపడాలంటే తెర ఉండి తీరాలి. ఇవన్నీ చూశాక నాకు తట్టిందేంటంటే, మనవాళ్ళు తెర కట్టింది దాచెయ్యడానికి కాదు. అవతల ఒక మనిషి ఉన్నారు, కాసేపాగండి అని చెప్పడానికి. పెళ్ళిలో తెర ఇటువైపున్నవాళ్ళెవరూ అటువైపు ఎవరూ లేరనుకోరు.

చెక్కైనా, బట్టైనా, లక్కైనా తెర నిజానికి దేన్నీ ఆపలేదు. పసిపిల్లాడు తోసినా పడుతుంది. శబ్దం ఆగదు, వాసన ఆగదు. ఇటువైపువాళ్ళూ అటువైపువాళ్ళూ ఒప్పుకుంటేనే అది గోడ. మా ఇంట్లో ఆ ఒప్పందానికి అమ్మ పెట్టిన రూలు "పిలవాలి" అని. నేను పిలవకపోవడమే కాదు, అక్కడ పిలవడానికి మనిషే లేదన్నాను. నాయనమ్మ మాత్రం నా అబద్ధాన్ని కూడా ఆ ఒప్పందంలో కలుపుకుని, పక్క తడిసినా సరే, తన వైపు నుంచి తెరని పడిపోనివ్వలేదు.

మేము సీఎస్ఈ వాళ్ళం రోజంతా స్క్రీన్ అంటూనే ఉంటాం. స్క్రీన్ షేర్ చెయ్యి, స్క్రీన్‌షాట్ పంపు. మాకు స్క్రీన్ అంటే చూపించేది. ఇంగ్లీషులో ఆ మాటకి ముందున్న అర్థం అడ్డం పెట్టేది అనే. మన తెర కూడా అంతే, వెండితెర అన్నా అదే మాట, తెరమరుగు అన్నా అదే మాట. నా వరకు మొదటి స్క్రీన్ మాత్రం ఆ మిరపపండు రంగుదే.

* * *

తెల్లారి అమ్మకి ఫోన్ చేశాను. అప్పటికి నేను సీనియర్ అక్కావాళ్ళ రూమ్‌లో ఉంటున్నాను, నెట్ బాగా వస్తుందని. ఆ ఫోటో సంగతి, ధర సంగతి చెప్పాను. అమ్మ కాసేపు నమ్మలేదు.

"అంతకి ఎవరు కొంటారే ఆ ఇనప ముక్కల్ని?"

"కొంటారమ్మా. హాల్లో పెట్టుకుంటారు. మనది అటక మీదే ఉందిగా?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేను అమ్మడం గురించే ఆలోచిస్తున్నాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయింది, ఫీజు కట్టాలి. రాత్రంతా తెరల మీద అంత ఆలోచించి కూడా పొద్దున్నే ధర గుర్తొచ్చింది. మనిషి బుద్ధి అంతే.

"అటక మీద ఎక్కడుంది? ఇచ్చేశా" అంది అమ్మ.

మా వెనక బజారులో ఒక పెద్దాయన. క్రషర్‌లో చేసేవాడు. నడుం దెబ్బతిని ఆస్పత్రి నుంచి తెచ్చి మంచంలో పడుకోబెట్టారంట. వాళ్ళదీ ముందు గది, వెనక గది ఇల్లే. వాళ్ళ కోడలు అమ్మ దగ్గరికొచ్చి, "అక్కా, మీ అత్తగారిది ఆ మడతలది ఉందా ఇంకా?" అని అడిగిందంట. అమ్మ దుమ్ము దులిపి, బట్ట ఉతికి ఇస్త్రీ చేసి, బందుల్లో నూనె పోసి ఇచ్చింది.

"తిరిగిస్తారా?" అన్నాను.

"అవసరం తీరాక ఇస్తార్లే. తొందరగా తీరాలని మాత్రం కోరుకోకు" అంది అమ్మ.

హాస్పిటల్ స్క్రీన్‌కి చివరికి రెండు లైన్లే రాశాను. ఇనప ఫ్రేము, మూడు రెక్కలు, బట్ట మార్చుకోవచ్చు. నిలబెట్టేటప్పుడు కొంచెం వంచి పెట్టాలి. సీనియర్ అక్క "ఇంకొంచెం ఫీల్ ఉండాలి కదా" అంది. నాకు రాలేదన్నాను.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ఒక గిన్నెలో చారు పోసి, వెనక బజారులో వాళ్ళింట్లో ఇచ్చి రమ్మంది. ఆ కోడలు దొడ్లో బట్టలు ఉతుకుతోంది. "లోపల పెట్టెయ్యి తల్లీ" అని కేకేసింది. ముందు గదిలోకి వెళ్ళాను. టీవీ ఆపి ఉంది. ఒక మూల మంచం కనపడకుండా మా తెర. మిరపపండు రంగు కొంచెం వెలిసింది, నల్ల అంచు అలాగే ఉంది. ఎవరో తెలిసినవాళ్ళే పెట్టినట్టు సరిగ్గా వంచి పెట్టారు. ఫ్యాన్ గాలికి బట్ట కదులుతోంది కానీ లేవట్లేదు.

గిన్నె బల్ల మీద పెట్టి వచ్చెయ్యొచ్చు. అటువైపు నుంచి చిన్న దగ్గు వినపడింది.

తెర దగ్గరికి వెళ్ళి ఇవతలే నిలబడ్డాను.

"తాతయ్యా" అన్నాను.

ఆగాను. మంచం కిర్రుమంది. "ఊఁ... ఎవురమ్మా?"

ముందు నాయనమ్మ పేరు చెప్పాను. తర్వాత, ఆమె మనవరాలినని చెప్పాను.